గవాక్షము నుండి కిటికీ వఱకు : గృహవాతాయనముల పూర్వచరిత్రము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత అందఱెఱిగినదే. కాని కట్టిన యింటిని బాగుచేయుటలోని చిక్కును గూర్చి పెద్దలేమియు చెప్పిపోలేదు. తాత కట్టిన యింటికి మనుమడు క్రొత్త కిటికీలు పెట్టింపదలచినపుడు, ఏ తరహావి పెట్టింపవలెనను తర్కము బయలుదేఱును. పాత టేకు రెక్కలను ఊడదీసి, ప్రక్కకు జరుగు అద్దపు పలకలు పెట్టుటయా? అల్యూమినియపు చట్రములా? ప్లాస్టిక్కు చట్రములా? లేక వడ్రంగిని పిలిపించి పాతవానినే బాగుచేయించుటయా? ఇంటిల్లిపాదియు తలకొక మాట చెప్పుదురు. తుదకు పొరుగింటివారు పెట్టించినదే మనమును పెట్టింతుము.

ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీని వెనుక రెండువేల యేండ్లకు మించిన చరిత్ర గలదు. ఆ చరిత్రము మన వృత్తిచరిత్రమును అగుటచే, ఈ వార్షిక మహాసభా సంచికయందు దానిని సంగ్రహముగా విన్నవింప నుద్యమించితిమి. వడ్రంగము, కమ్మరము, శిల్పము మన కులమున తరతరములుగా వచ్చుచున్న వృత్తులు. కిటికీ యన్ననో, ఈ మూడు చేతులును గలిసిన వస్తువు. చట్రమును రెక్కలును వడ్రంగివి. ఊచలు, బందులు, గొళ్ళెములు కమ్మరివి. దేవాలయపు రాతి జాలకము శిల్పిది. కావున కిటికీని మార్చుట యన్నది ఇంటి యజమానునికి ఖర్చు ప్రశ్న, మన పనివారికి కూటి ప్రశ్న. ఈ రెండును కలిపి యోచింపవలసియున్నది.

పేరులలోని యర్థము

మొదట పేరులను పరిశీలింతము. సంస్కృతమున కిటికీకి వాతాయనమని పేరు. గాలి వచ్చు త్రోవ యని యర్థము. గవాక్షమనగా గోవు కన్ను. జాలకమనగా వలవంటిది. మన వ్యవహారమునందలి కిటికీ శబ్దము ఉత్తరదేశ భాషలలోని ఖిడికీతో చుట్టరికము గలది. అఱవవారు వాడు జన్నల్ అను పదము పోర్చుగీసువారి జనేలా నుండి వచ్చినది. ఇంగ్లీషువారి విండో యను మాట ఉత్తర ఐరోపా ప్రాచీనభాషయగు నార్సులోని విందౌగ నుండి పుట్టినది. దానికి గాలికన్ను అని యర్థము.

ఒకరి ముఖ మొకరెఱుగని రెండు జాతులవారు, ఒకే వస్తువును జూచి కన్ననియు గాలియనియు పేరుపెట్టుట గమనింపదగినది. కన్ను వెలుతురునకు, చూపునకు; ఆయనము గాలికి. కిటికీకి గల ధర్మములు రెండును ఆ పేరులలోనే యున్నవి. ఈ రెండు ధర్మములును చిరకాలము కలిసియుండి, పిదప విడిపోయిన విధమే కిటికీ చరిత్రమని మా యభిప్రాయము.

రాతిలో నిలిచిన కొయ్యపని

మన దేశమున అతిప్రాచీనములగు కొయ్యయిండ్లు నిలువలేదు. చెదలు, నిప్పు, వాన వానిని హరించినవి. అయినను ఆ యిండ్ల రూపమును రాతిపనివారు మనకు భద్రపఱచిరి. బీహారమునందలి బరాబరు కొండలలో, క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దిలో తొలిచిన లోమశఋషి గుహాముఖమును జూచినచో, దూలములు, వంపు వాసములు, వాని కొనలు, పైన జాలకపు పని, అన్నియు కొయ్యపనికి అచ్చముగా ప్రతికృతులు. మన ఆంధ్రదేశమున ఏలూరు జిల్లాలోని గుంటుపల్లె యందు గుండ్రని చైత్యగుహ యొకటి గలదు. దాని ముఖద్వారపు పైకమానును అదే పోలికది, లోకప్పున వాసములను రాతితోనే చెక్కిరి. రాతికి వాసములతో పనిలేదు. అయినను చెక్కిరనగా, నాటి శిల్పి కన్నులయెదుట వడ్రంగి కట్టిన యిల్లు ఉండెననుటకు అంతకంటె సాక్ష్యమేల?

మహారాష్ట్రమునందలి కార్లే చైత్యమున గుఱ్ఱపు లాడమువంటి మహాగవాక్షము గలదు. లోపల రాతి కప్పునకు అమర్చిన టేకు వాసములు నేటికిని నిలిచియున్నవి. సుమారు రెండువేల యేండ్లు! ఎండయు వానయు నేరుగా తగులకున్నచో, మంచి టేకు ఎంతకాలము మన్నునో చెప్పుటకు ఈ యొక్క నిదర్శనము చాలును. ఎల్లోరాలోని 10వ గుహను విశ్వకర్మ గుహయనియు, సుతార్ కా ఝోపడా, అనగా వడ్రంగి గుడిసె యనియు అక్కడివారు పిలుతురు. అది బౌద్ధచైత్యమే యైనను, రాతికప్పును కొయ్యకప్పువలె చెక్కిన నైపుణ్యమును జూచి జనులు దానికి మన వృత్తిదేవత పేరు పెట్టుకొనిరి. ఆ గుహలో మునుపటి మహాగవాక్షము కుదించుకొని, పైయంతస్తున ముచ్చటయైన చిన్న కిటికీగా మాఱినది.

దక్షిణదేశమున మయమతమను శిల్పశాస్త్రము జాలకములను గవాక్షము, కుంజరాక్షము, నంద్యావర్తము, పుష్పఖండము మొదలగు భేదములతో చెప్పుచున్నది. కుంజరాక్షమనగా ఏనుగు కన్ను. నాటికే కిటికీ తరహాలను ఎన్నుకొనుట యను పని గృహస్థునకును స్థపతికిని ఉండెనన్నమాట! అలంపురమునందలి నవబ్రహ్మాలయములలో, క్రీ. శ. 7వ, 8వ శతాబ్దుల నాటి బాదామి చాళుక్యుల రాతి జాలకములను నేటికిని చూడవచ్చును. 1117వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన బేలూరు చెన్నకేశవాలయమున పిదప చేర్చిన జాలకపు తెఱలు, అహమ్మదాబాదున 1572–73లో ముగిసిన సిద్దీ సయ్యదు మసీదు రాతిజాలకము, జయపురమున 1799లో కట్టిన హవామహలు నందలి 953 చిన్న కిటికీలు, ఇవన్నియు ఒకే సూత్రము ననుసరించినవి. ఎండ తీక్ష్ణతను విఱిచి, గాలిని లోనికి రానిచ్చి, లోపలివారు వెలుపల చూచునట్లును వెలుపలివారు లోపల చూడకుండునట్లును చేయుట. అద్దము లేకయే ఈ మూడు పనులును నెఱవేఱినవి.

మండువా లోగిలి

రాజులకు, దేవతలకు జాలకములుండగా సామాన్య గృహస్థునకేమి యుండెను? కృష్ణా గోదావరీ తీరములందలి మండువా లోగిళ్ళను చూడుడు. నడుమ ఆకాశమునకు తెఱచియున్న మండువా. చుట్టును వసారాలు, గదులు. వెలుతురును గాలియు మండువా నుండియే గదులలోనికి వచ్చును. వీధివైపు గోడలు మందము. కిటికీలు కొద్ది, చిన్నవి. దీనికి దొంగల భయమొక కారణము, వేసవి యెండ మఱియొక కారణము. వేడి గాలి మండువా నుండి పైకి పోవుచుండగా, వసారా నీడలోని చల్లగాలి గదులలోనికి సాగును. లోగిలి మొత్తము ఒక పెద్ద కిటికీవలె పనిచేసెనని చెప్పినను తప్పులేదు.

నేడు స్థలములు చిన్నవై, అన్నదమ్ములు పంచుకొని, మండువాల పైన కప్పులు వేసికొనిన పిమ్మట, గాలియు వెలుతురును గోడలోని కిటికీయొక్క మీదనే పడినవి. ఈ మార్పును గమనింపక, లోగిలి కాలపు చిన్న కిటికీలనే నిలుపుకొన్నవారి గదులు చీకటికొట్లగుచున్నవి. పాతదంతయు మంచిదని మేమనుట లేదు. కట్టడపు పొందిక మాఱినపుడు కిటికీయు మాఱవలసినదే.

అద్దము, పన్ను, టేకు

అద్దపు కిటికీలను రోమనులు క్రీ. శ. 1వ శతాబ్దిలోనే స్నానశాలలకు వాడిరి. కాని ఐరోపాలో సైతము అది చాలకాలము ధనికుల వస్తువుగనే యుండెను. ఇంగ్లండున 1696లో కిటికీల లెక్కను బట్టి యిండ్లపై పన్ను విధింపగా, పన్ను తప్పించుకొనుటకై జనులు కిటికీలను ఇటుకలతో పూడ్చివేసిరి. వెలుతురునకే పన్ను కట్టవలసివచ్చెనని వైద్యులును ప్రజలును మొఱపెట్టగా, 1851లో ఆ పన్ను రద్దయినది. అదే సంవత్సరమున లండనులో సుమారు 3 లక్షల అద్దపు పలకలతో స్ఫటికభవనము లేచినది. ఒక చేత పన్ను పోవుచుండగా, మఱియొక చేత అద్దము చవుకయగుచుండెను. 1959లో పిల్కింగ్టను సంస్థవారు, కరిగిన తగరముపై అద్దపు ద్రవమును తేలించి నున్నని పలకగా చేయు పద్ధతిని వెల్లడించిన పిదప, గోడంత అద్దము సామాన్యునికి సయితము అందుబాటైనది.

అద్దము చేసిన మార్పు మిక్కిలి గంభీరమైనది. అంతకు మునుపు వెలుతురు కావలెనన్న రెక్క తెఱువవలెను. తెఱచిన గాలియు వచ్చును. అద్దము వెలుతురును మాత్రము పిలిచి గాలిని గుమ్మమునొద్దనే నిలిపివైచినది. కన్ను మిగిలెను, గాలి పోయెను. 1902లో అమెరికాలో కారియరు కనిపెట్టిన శీతలీకరణ యంత్రము ఇండ్లకు చేరిన పిదప, కిటికీని తెఱువవలసిన పనియే లేదను భావము కొందఱికి కలిగినది.

మన ప్రాంతమునకు అద్దముతోపాటే బర్మా టేకు, మిల్లులలో తీసిన ఇనుప ఊచలు వచ్చినవి. టేకు నిమిత్తమై రాజ్యములే కూలినవి. 1885లో ఎగువ బర్మాను ఇంగ్లీషువారు ఆక్రమించుటకు చూపిన కారణములలో టేకు వర్తకపు తగవొకటి. గోదావరి అడవుల టేకు తెప్పలుగా నదిపై దిగివచ్చుచుండెను. ఈ కలపతో మన వడ్రంగులు చేసిన కిటికీ నేటికిని పాత యిండ్లలో కనబడును. క్రింద రెండు రెక్కలు, పైన రెండు రెక్కలు. నడుమ నిలువు ఊచలు. వీధిలో పోవువారికి లోపలివారు కనబడకుండ క్రింది రెక్కలు మూసి, పై రెక్కలు తెఱచి గాలిని తీసికొనవచ్చును. రాత్రి నిదురించునపుడు ఊచలు కాపు. జాలకము చేసిన మూడు పనులను మన వడ్రంగియు కమ్మరియు గలిసి సామాన్యుని యింటికి తెచ్చిరనుట అతిశయోక్తి కాదు.

ఇనుపకడ్డీల చట్రములు ఇంగ్లండులో 1884 నుండి క్రిట్టాలు సంస్థవారు చేయనారంభించిరి. అవి 20వ శతాబ్దిలో మన దేశపు ఆఫీసులకు, క్వార్టర్లకు వచ్చినవి. ప్లాస్టిక్కు చట్రములు 1950ల దశాబ్దిలో జర్మనీదేశమున పుట్టినవి. చలిదేశపు అవసరములు వాని పుట్టుకకు హేతువులు; వెచ్చదనమును లోపల నిలుపుటకై బిగువుగా మూయుటయే వాని ప్రధానగుణము. మన దేశపు అవసరము అందుకు కొంత విరుద్ధము.

దోమ, తుపాను, క్షయ

కిటికీని ఆరోగ్యము దృష్టిలోనుంచికొని చూచినచో మూడు సంగతులు స్మరింపదగినవి.

సికింద్రాబాదున 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాసు అనునాతడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమాన మొసగబడెను. గాలిని రానిచ్చి దోమను రానీయని సన్నని వల కిటికీకి అవశ్యకమని ఆ పరిశోధనము తేల్చినది. మన పాత కిటికీలకు వల లేదు. ఈ లోపమును ఒప్పుకొనక తప్పదు. సాయంకాలము కాగానే దోమల భయమున కిటికీలు మూయు గృహస్థునకు ఎంత గొప్ప గవాక్షమున్నను లాభమేమి?

రెండవది తుపాను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విఱుచుకొనిపడినపుడు, పెద్ద పెద్ద అద్దపు ముఖములు గల కట్టడములు అద్దములు రాలి బోసిపోయినవి. చిన్న పలకలుగా విభజించి కొయ్యపట్టీల నడుమ బిగించిన పాత కిటికీలో ఒక పలక పగిలిన ఒక పలకయే పోవును. గోడంత పలక పగిలినచో గది యంతయు గాలివానకు వశమగును. సముద్రతీరమున పెద్ద అద్దము కోరువారు, పగిలినను కత్తులవలె చీలక చిన్న ముక్కలై రాలు గట్టిపఱచిన అద్దమునే వాడవలెను.

మూడవది క్షయ. పెరూ దేశపు లీమా నగరమునందలి వైద్యశాలలలో గాలి రాకపోకలను కొలిచి 2007లో ప్రకటించిన పరిశోధనము మిక్కిలి బోధకమైనది. కిటికీలు, తలుపులు తెఱచినపుడు గదిలోని గాలి గంటకు 28 మాఱులు మాఱెను. యంత్రములతో గాలినింపు గదులలో 12 మాఱులే. అందును ఏబది యేండ్లకు పైబడిన, ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు గల పాత కట్టడములలో 40 మాఱులు, క్రొత్తవానిలో 17 మాఱులు. గాలి మాఱిన కొలదియు అంటువ్యాధి భయము తగ్గును. పాత మేస్త్రీల కొలతలలో కేవలము ఆచారమే కాక విజ్ఞానమును గలదని దీనివలన తెలియుచున్నది.

ఏది ఎన్నుకొనవలెను?

ఇంత చరిత్రమును చెప్పి ఆచరణమును చెప్పకున్న, వంట వర్ణించి విస్తరి వేయనట్లగును. కావున ముఖ్యాంశములను మనవి చేయుచున్నాము.

మొదట పరిమాణము. భారత జాతీయ భవననిర్మాణ నియమావళి 2016, నివాసపు గదులకు తలుపులు గాక కిటికీ మొదలగు తెఱపులు, తేమతో కూడిన ఉష్ణప్రాంతమున నేల వైశాల్యములో ఆఱవవంతుకును, పొడియుష్ణప్రాంతమున పదియవవంతుకును తగ్గరాదని చెప్పుచున్నది. పండ్రెండడుగుల చదరపు గదికి నేల 144 చదరపు అడుగులు. కోస్తాతీరమున అందు ఆఱవవంతు 24. అనగా మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీలు రెండు. అవి ఎదురెదురుగనో, ప్రక్కప్రక్క గోడలలోనో యుండిననే గాలి పాఱును. ఒకే గోడలో రెండుండినను అంత ఫలము లేదు.

రెండవది తరహా. రెక్కల కిటికీ తెఱచినచో సందు మొత్తము తెఱపియగును. ప్రక్కకు జరుగు కిటికీ ఎంత తెఱచినను సగమే తెఱపి; తక్కిన సగమున పలకపై పలక నిలిచియుండును. కావున రెక్కల కిటికీని తీసి అదే కొలతకు జరుగు కిటికీ పెట్టినవారు తమకు తెలియకయే సగము గాలిని పోగొట్టుకొన్నవారగుదురు. అయితే ఇఱుకు వరండాలలో, నడకదారులలో రెక్కలు తలకు తగులుచుండును. అచ్చట జరుగు కిటికీయే మేలు. స్నానపు గదులకు పైన బందులుండి క్రింద తెఱచుకొను చిన్న రెక్క మేలు. వాన పడుచున్నను తెఱచియుంచవచ్చును.

మూడవది దిక్కు. మన ప్రాంతమున మే మాసము నుండి జూలై వఱకు సూర్యుడు మిట్టమధ్యాహ్నము తలమీదనో, కొంచెము ఉత్తరమునకో యుండును. శీతకాలమున దక్షిణమునకు వాలును. కావున దక్షిణపు కిటికీకి కొద్దిపాటి చూరు చాలును. పడమటి కిటికీకి ఎంత చూరున్నను క్రుంకు సూర్యుడు చూరు క్రిందుగా దూరును. అక్కడ వెలుపలివైపు కొయ్యరెక్కయో, వెదురు తడికయో, చెట్టునీడయో తప్ప అద్దము పనికిరాదు. ఎండను గదిలో దూరిన పిదప తెఱతో నాపుట, దొంగ లోనికి వచ్చిన పిదప తలుపు వేయుటవంటిది.

నాలుగవది వస్తువు. అల్యూమినియము చెదలు తినదు, ఉబ్బదు. కాని కొయ్యకంటె వేయిరెట్లకు మించి వేడిని ప్రసరింపజేయును. ప్లాస్టిక్కు వేడిని ఆపును, నిర్వహణము తక్కువ. కాని వంగినను విఱిగినను ఊరి పనివాడు బాగుచేయలేడు, చట్రమంతయు మార్చవలసివచ్చును. క్రొత్తకొయ్య, అందును ఆఱని పచ్చికొయ్య, వానకాలమున ఉబ్బి, వేసవిలో వంకరపోవును. పాత టేకు అట్లు కాదు. అది తన యుబ్బును తగ్గును ఎన్నడో తీర్చుకొనినది. కావున పాతచట్రము గట్టిగా నున్నయెడల దానిని తీసివేయక, పుచ్చిన క్రిందిపట్టీని మాత్రము క్రొత్తకొయ్యతో అతికించి, బందులు మార్చి, లోపలివైపు దోమవల రెక్కలను చేర్చుట సర్వోత్తమమని మా నిశ్చితాభిప్రాయము. చట్రమే చెదలపాలైనచో, యజమాని తనకు తగిన వస్తువును నిర్భయముగా ఎన్నుకొనవచ్చును; అందు తప్పేమియు లేదు.

విజ్ఞప్తి

పాత కిటికీలు, ద్వారబంధములు బండ్లకెక్కి పాతసామాను అంగళ్ళకు పోవుచున్నవి. చెట్టినాటి యిండ్ల కొయ్యపని కారైకుడి అంగళ్ళలో అలంకారవస్తువులుగా అమ్ముడుపోవుచున్నది. తూకమున కట్టెగా అమ్మిన చట్రమునే మఱియొకడు కొని, మెఱుగుపెట్టి, పెద్దవెలకు భోజనశాలలలో గోడలకు తగిలించుచున్నాడు. కొన్నవానికి దాని వెల తెలిసెను, అమ్మినవానికి తెలియలేదు.

మన గృహస్థులకు మా మనవి యేమనగా, కిటికీ ఊడదీయకముందు ఒక వడ్రంగికి చూపింపుడు. సుత్తితో తట్టి, ఉలితో గ్రుచ్చి, బ్రదికినదో చచ్చినదో అతడు చెప్పగలడు. మన పనివారికి మా మనవి యేమనగా, యజమాని క్రొత్తవైపు పోవుచున్నాడని నిందించిన లాభము లేదు. ఆఱిన కొయ్యనే వాడి, చెప్పిన దినమునకు పని ముగించి, దోమవలయు మంచి బందులును అమర్చి యిచ్చువానికి పని కొఱవడదు. అల్యూమినియమును ప్లాస్టిక్కును కోయుట, అతుకుట సయితము నేర్చినవాడు ఏ యింటి గుమ్మమునొద్దను రిక్తహస్తములతో తిరుగడు. రాతిని కొయ్యవలె చెక్కిన చేతికి క్రొత్త వస్తువు క్రొత్తగాదు.

పోషకులగు మహాశయులకు మా మనవి యేమనగా, విద్యార్థి వేతనములతో పాటు, పాత యిండ్ల కొయ్యపనిని బాగుచేయు విద్యను మన యువకులకు నేర్పు చిన్న కార్యశాల నొకదానిని స్థాపించుటకు పూనుకొందురుగాక. ఒక్కొక్క యూరిలో అట్టి పనివాడు ఒక్కడుండినను, ఎన్నియో యిండ్ల గాలియు వెలుతురును, ఎన్నియో కుటుంబముల అన్నమును నిలుచును. పెద్దలు గోవు కన్నని పేరుపెట్టిన ఆ గవాక్షమును మూయించుటయో తెఱపించుటయో మన చేతిలోని పని.

సర్వే జనాః సుఖినో భవంతు.